వారసుడి మీద ఎవరి కన్ను? బారామహల్ కుటుంబ చరిత్రకు వారసత్వ రికార్డులు

సారాంశం: వారసుడు ఎవరన్న విషయం మీద పాలకుడికి ఆదాయం ఆధారపడి ఉన్నంత కాలమే వారసత్వ రికార్డు బతుకుతుందని ఈ వ్యాసం వాదిస్తుంది. మధ్యయుగ ఇంగ్లండు ప్రభుకుటుంబాల విచారణ పత్రాలను నమూనాగా తీసుకుని, కృష్ణగిరి, హోసూరు ప్రాంతంలోని తెలుగు కుటుంబాల చరిత్రకు పనికొచ్చే ఆధారాలను పరిశీలిస్తుంది.

1. ఇంగ్లండు నమూనా

ఇంగ్లండులో రాజు దగ్గర నేరుగా భూమి పొందిన ప్రభువు చనిపోతే, రాజు తరఫు అధికారి ఆ ఊళ్ళకు వెళ్ళి స్థానికుల చేత ప్రమాణం చేయించి విచారణ జరిపేవాడు. అడిగేవి కొన్నే ప్రశ్నలు: ఏ భూములు, ఎవరి కింద, ఏ సేవకు, ఏ రోజు చనిపోయాడు, దగ్గరి వారసుడు ఎవరు, వయసెంత? 13వ శతాబ్దిలో మొదలైన ఈ పత్రాలు 17వ శతాబ్ది దాకా వేల సంఖ్యలో మిగిలాయి.

వయసు అడగడంలోనే అసలు సంగతి ఉంది. వారసుడు మైనరైతే భూమి ఆదాయం, అతని పెళ్ళి కుదిర్చే హక్కు రాజుకు దక్కేవి. మేజరైతే రుసుము కట్టి భూమి తీసుకునేవాడు. అసలు వారసులే లేకపోతే భూమి రాజుదే.

క్లేర్ కుటుంబాన్ని చూద్దాం. గ్లాస్టర్ ప్రభువు గిల్బర్ట్ డి క్లేర్ 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో చనిపోయాడు. పిల్లలు లేరు. అతని భార్య తాను గర్భవతినని చెప్పడంతో పంపకం ఆగింది. నెలలు దాటి సంవత్సరాలు గడిచినా బిడ్డ పుట్టలేదు. చివరికి 1317లో ఆస్తి ముగ్గురు తోబుట్టువులు ఎలియనోర్, మార్గరెట్, ఎలిజబెత్‌లకు పంచారు. సోదరుడు బతికి ఉంటే ఈ ఆడపడుచుల పేర్లు ఆస్తి పత్రాల్లో ఇంత వివరంగా కనిపించేవి కావు. 1660లో పార్లమెంటు ఈ భూసేవా పద్ధతిని రద్దు చేసింది. రాజుకు లాభం పోవడంతో విచారణ కూడా ముగిసింది.

2. రాతి మీద వారసత్వం

మన ప్రాంతంలో పాత ఆధారం శాసనం. హొయ్సళ సోమేశ్వరుడి రాజ్యం ఇద్దరు కొడుకుల మధ్య చీలింది. మూడవ నరసింహుడు దోరసముద్రంలో ఉంటే, దక్షిణ భాగం రామనాథుడికి వచ్చింది. రామనాథుడు 13వ శతాబ్ది చివర్లో హోసూరు ప్రాంతంలోని కుందాణి నుంచి పాలించాడు. అతని తరువాత కొడుకు విశ్వనాథుడు కొద్దికాలమే ఉన్నాడు, ఆపైన రాజ్యమంతా నరసింహుడి కొడుకు మూడవ బల్లాళుడి చేతికి వచ్చింది. ఈ క్రమం మనకు పంపకపు పత్రం వల్ల తెలియలేదు, దానశాసనాల్లోని రాజుల పేర్లు, పాలనా సంవత్సరాలు కూర్చుకుంటే తెలిసింది. శాసనం దానం కోసం పుట్టింది, దాయాదుల కోసం కాదు.

3. పాళెగాళ్ళ వంశావళులు

విజయనగర కాలం చివర్లో బారామహల్ అనే కృష్ణగిరి వైపు సీమ జగదేవరాయల చేతిలో ఉండేది. పెనుకొండను శత్రు ముట్టడి నుంచి కాపాడినందుకు ఈ సీమ దక్కిందని సంప్రదాయం. ఆ వంశానికి ఆయువుపట్టయిన చన్నపట్నం 1630లో మైసూరు వశమైంది. హోసూరు వైపు బాగలూరు, బేరికె, శూలగిరి, అంకుశగిరి పాళేలు ఉండేవి.

పాళెగాళ్ళ వంశావళులను కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువారి సాయంతో కల్నల్ మెకంజీ సేకరింపజేశాడు. వాటిని చదివేటప్పుడు కాలం గుర్తుంచుకోవాలి. కొత్త దొరలైన ఈస్టిండియా కంపెనీవారు ఎవరి హక్కు నిలపాలో, ఎవరిది తీసెయ్యాలో తేలుస్తున్న రోజులవి. అప్పుడు చెప్పిన వంశావళి తండ్రి నుంచి కొడుక్కు తెగకుండా సాగడంలో ఆశ్చర్యం లేదు. తమ్ముళ్ళు, దత్తతలు, విధవల పాలన అందులో పలుచబడతాయి.

4. కుందారపల్లి ఏ రికార్డులో ఉంది?

ఒక్క ఊరి ఉదాహరణ చూద్దాం: కుందారపల్లి ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో ఉంది. ఆ జిల్లా 2004లో ధర్మపురి నుంచి, ధర్మపురి 1965లో సేలం నుంచి విడిపోయాయి. కాబట్టి పాత కాగితం కావాలంటే సేలం జిల్లా కింద వెతకాలి. ఇంకో మెలిక ఉంది. బారామహల్ 1792 శ్రీరంగపట్నం సంధితో కంపెనీకి వచ్చింది, హోసూరు సీమ 1799లో టిప్పు మరణం తరువాతే వచ్చింది. ఒకే కుటుంబం శాఖలు రెండు వైపులా ఉంటే, వాటి కంపెనీ రికార్డులు ఏడేళ్ళ తేడాతో మొదలవుతాయి.

కంపెనీ అధికారులు అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రో బారామహల్‌లో నేరుగా రైతుతో ఒప్పందం చేసుకున్నారు. పన్ను పొలం మీద పడింది. దున్నేవాడు కడితే చాలు, అతను ఎవరి కొడుకన్నది ఖజానాకు అక్కరలేదు. అందుకే ఆ లెక్కల్లో మట్టి, నీరు, పంట దండిగా దొరుకుతాయి, చుట్టరికాలు అంతగా దొరకవు.

ఇనాంగా, అంటే పన్ను మాఫీతో దానంగా ఇచ్చిన భూమి సంగతి వేరు. వారసులు లేకపోతే ఇనాం సర్కారుకు తిరిగి పోయేది. అందుకే 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టరులో మొదట దానం పొందినవాడి పేరు, ప్రస్తుత హక్కుదారు పేరు, వయసు, ఇద్దరికీ ఉన్న చుట్టరికం నమోదయ్యాయి. క్లేర్ వారసుల గురించి రాజు అడిగిన ప్రశ్నలే ఇక్కడ కరణం ముందుకు వచ్చాయి. క్విట్ రెంటు అనే స్థిరమైన తక్కువ పన్నుకు ఒప్పుకుని ఇనాందారు భూమిని సొంతం చేసుకున్నాక సర్కారు తన తిరుగుహక్కు వదులుకుంది. ఆ తరువాత వారసుడి వయసు ఎవరికి కావాలి? 1660లో ఇంగ్లండులో జరిగినదే ఇక్కడ ఒక్కో ఇనాంకు విడివిడిగా జరిగింది.

5. తగవు చెప్పే సాక్ష్యం

సర్కారు కన్ను మళ్ళిన చోట దాయాది కన్ను ఉంటుంది. పొరుగున చిత్తూరు సీమలోని నరగంటి పాళెం మీద లక్ష్మీదేవమ్మకు, వెంగమనాయుడికి నడిచిన వ్యాజ్యం లండను ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1861లో తీర్పు పొందింది. పాళెం రాజ్యం లాంటిదని, అవిభక్త కుటుంబానిదే అయినా పంచడానికి వీల్లేదని, ఒక్కరే పాళెగాడుగా ఉంటే మిగిలినవారికి మనోవర్తి దక్కుతుందని కౌన్సిల్ తేల్చింది.

క్లేర్ తోబుట్టువులు ముగ్గురూ వాటాలతో పత్రాల్లోకి వచ్చారు. పాళెంలో వాటా లేదు గనుక తక్కినవాళ్ళు మనోవర్తి లెక్కల్లోనో వ్యాజ్యపు కాగితాల్లోనో తప్ప కనిపించరు. ఒక స్త్రీ పేరు తీర్పు శీర్షికకే ఎక్కిందంటే, వంశావళి చెప్పని కథ అక్కడ ఉన్నట్టే.

6. ముగింపు

ఈ ప్రాంతపు కుటుంబ చరిత్రను వంశావళి నుంచి కిందికి కాక, తగవు నుంచి పైకి చదవాలి. ముందు వ్యాజ్యం, మనోవర్తి, దత్తత కాగితాలు చూడాలి. తరువాత ఇనాం రిజిస్టరులోని చుట్టరికంతో సరిపోల్చాలి. చివర వంశావళిని తెరిచి, పై రెండింట్లో ఉండి అందులో లేనివారి జాబితా రాసుకోవాలి. ఆ జాబితాలోని ప్రతి పేరుకూ, దాన్ని రాయడం వల్ల ఎవరికి లాభం, వదిలెయ్యడం వల్ల ఎవరికి లాభం అన్న ప్రశ్న వెయ్యాలి. కుందారపల్లిలో ఒక ఇనాం కుటుంబమైనా, క్లేర్ ప్రభువులైనా ఈ ప్రశ్న మారదు.