పంపకాలూ, పంచుకోవడాలూ

మన తెలుగులో ఒక తిరకాసు ఉంది, మీరెప్పుడైనా గమనించారో లేదో! 'పంచుకున్నాం' అంటే కలిసి అనుభవించామనీ అర్థమే, విడిపోయి ఎవరి వాటా వాళ్ళు తీసుకున్నామనీ అర్థమే. కష్టసుఖాలు పంచుకున్న అన్నదమ్ములే ఒకనాటికి ఆస్తి పంచుకుంటారు. మాట ఒకటే. మధ్యలో గోడ లేస్తుంది, అంతే తేడా.

మా ఇంట్లోనూ లేచింది. మాది పిడుగురాళ్ల. సున్నం బట్టీల ఊరు. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికల్లా ముగ్గు చల్లినట్టు తెల్లటి దుమ్ము పేరుకుంటుంది. గోడలకీ, వెల్లలకీ మా ఊళ్ళో కరువేమిటి చెప్పండి! 2014లో మా శ్రీవారూ, బావగారూ వాటాలు వేసుకుని, హాలు మధ్యగా గోడ కట్టించారు. బావి అటు పోయింది, వేపచెట్టు ఇటు వచ్చింది. ఇత్తడి గుండిగలు తూకం వేసి పంచారు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, అత్తగారిని కూడా పంచుకున్నాం. నెల అటు, నెల ఇటు. ఆవిడ 2016లో పోయేదాకా అలాగే గడిచింది.

పంచడానికి వీలుకానిది ఒక్కటే మిగిలింది. ఆవిడ ట్రంకుపెట్టెలో చెదలు తినగా మిగిలిన పాత ఫోటోలు. బావగారి రెండోవాడు ఒక వేసవి సెలవుల్లో వాటన్నిటినీ స్కాన్ చేసి వాళ్ళ కంప్యూటర్లో పెట్టాడు. మాకు కావాలంటే పెన్‌డ్రైవు చేత్తో పట్టుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగి, వాళ్ళ గుమ్మం ఎక్కాలి. ఎక్కినప్పుడల్లా బావగారు పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోవడం, నేను నేల చూపులు చూడడం! చివరికి ఆ పెన్‌డ్రైవు ఎక్కడో వైరస్ అంటించుకొచ్చి మా కంప్యూటర్‌ని మంచాన పడేసింది.

"ఇంకా పెన్‌డ్రైవేంటి పిన్నీ! రెండిళ్ళకీ వైఫై ఒకటేగా. ఫైల్ షేరింగ్ పెట్టేస్తాను, మీ కుర్చీలోంచి లేవకుండా చూసుకోవచ్చు" అన్నాడు వాడు.

నిజమే. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించి, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్ ఇస్తామన్నాక, మా రెండు వాటాలకీ కలిపి ఒకటే కనెక్షన్ తీసుకున్నాం. బిల్లు చెరి సగం. రౌటరు వాళ్ళ గోడకి ఉన్నా తరంగాలకి మా పంపకాల సంగతి తెలియదు కదా, ఇటూ వస్తున్నాయి. సరే, ఈ సదుపాయం ముందుగా ఎవరికి అవసరమై పుట్టిందా అని నాకు కుతూహలం కలిగింది. నాలుగు చోట్ల చదివి తెలుసుకున్నాను. తీరా చూస్తే ఆ చరిత్రలోనూ మనకి తెలిసినవే ఉన్నాయి: ఇల్లూ, ఆలీ, తలుపూ, గొళ్ళెం.

ఒక వస్తువుని పదిమంది వాడుకోవడం మనకి కొత్తేం కాదు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచీ ఉంది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో ఏకంగా పడవ మీదే గ్రంథాలయం నడిపారు. కాకపోతే పుస్తకం ఒకటే అయితే ఒకరు పట్టుకెళ్ళాక మిగతావాళ్ళు ఎదురుచూడాలి. ఎంతమంది తీసుకున్నా బీరువాలో అలాగే ఉండే పుస్తకం కావాలంటే కంప్యూటర్లు రావాలి, వచ్చి ఒకదానితో ఒకటి మాట్లాడాలి.

ఆ మాటల కథలో ఒక పెద్ద మలుపు 1973లో వచ్చింది. అమెరికాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ వారి పరిశోధనశాల ఉండేది. అక్కడి కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగకి తగిలించి, లేజర్ ప్రింటరుని అందరూ వాడుకునేలా చెయ్యాలని బాబ్ మెట్కాఫ్ ఒక పథకం రాశాడు. దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. చూశారా, మొదట పంచుకోవాలనుకున్నది ఫైళ్ళనైనా కాదు, ప్రింటరుని! ఖరీదైన వస్తువు ఒక్కటే ఉంటే వీధి వీధంతా వాడుకోవడం మనకి తెలియనిదా? ఒకింటి టెలిఫోన్‌కి నాలుగిళ్ళ వాళ్ళు వచ్చి నిలబడ్డ రోజులు మరిచిపోలేదు కదా.

1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటర్ బజారులోకి వచ్చింది. 1983లో వచ్చిన ఎక్స్.టి. అనే మోడల్లో 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కు ఉండేది. అదే మహా గొప్ప! ఇప్పుడు మన ఫోనుతో తీసే ఫోటోలు రెండో మూడో పెడితే నిండిపోతుందది. ఖరీదు చూస్తే అయిదు వేల డాలర్లకి దగ్గర. ఇక ఆఫీసుల్లో ఒకరి పని ఇంకొకరికి చేరాలంటే ఫ్లాపీలో ఎక్కించి నడిచివెళ్ళి ఇవ్వాలి. అమెరికావాళ్ళు దీనికి నవ్వుతాలుగా 'స్నీకర్‌నెట్' అని పేరు పెట్టారు, బూట్ల నెట్‌వర్కు అన్నమాట. పెన్‌డ్రైవు పట్టుకుని వీధి చుట్టి వెళ్ళిన నాది చెప్పుల నెట్‌వర్కు.

ఆ నడక తప్పించడానికి 1983లోనే ఐ.బి.ఎం.లో బారీ ఫైగెన్‌బామ్ అనే ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. పక్క కంప్యూటర్లో ఉన్న ఫైలుని మన దాంట్లో ఉన్నట్టే తెరవడం, చదవడం, మూయడం. దాన్నే ఎస్.ఎం.బి. అంటారు. ఇందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఒకరు ఒక ఫైలుని దిద్దుతున్నంతసేపూ రెండోవాళ్ళు చెయ్యి పెట్టకుండా దానికి తాళం వెయ్యచ్చు. రోలు ఒకటే, కోడళ్ళిద్దరు అయితే ఒకరు రుబ్బుతుండగా ఇంకొకరు పొత్రం లాక్కోరు కదా, అలాగ. అదే సంవత్సరం నోవెల్ కంపెనీ నెట్‌వేర్ తెచ్చి, ఒక పెద్ద డిస్కుని ఆఫీసంతా వాడుకునేలా చేసింది. మరుసటేడు సన్ మైక్రోసిస్టమ్స్ వారు యూనిక్స్ యంత్రాల కోసం వేరే పద్ధతి తెచ్చారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒకరి భాష ఒకరికి రాదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్ అని ఒక పరిశోధక విద్యార్థి. 1991 డిసెంబరులో అతనికి తన బల్లమీది చిన్న కంప్యూటర్లోంచి అక్కడి పెద్ద యూనిక్స్ యంత్రంలోని ఫైళ్ళు చూడాలని బుద్ధి పుట్టింది. ఆ భాష ఎలా ఉంటుందో చెప్పే పుస్తకం చేతిలో లేదు. ఏం చేశాడూ? తీగలో రెండు యంత్రాలు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాడు. ఫ్రెంచి రానివాడు ఫ్రెంచి హోటల్లో మూల కూర్చుని, ఎవరు ఏ మాట అంటే బల్లమీదికి ఏం వచ్చిందో చూసి భాష నేర్చుకోవడం లాంటిదని తర్వాత తనే పోల్చి చెప్పాడు. మన ఇళ్ళకి కొత్తగా వచ్చిన కోడళ్ళందరం అలాగే కదండీ, ఎవరు దగ్గితే ఏమిటో, ఎవరు తలుపు గట్టిగా వేస్తే ఏమిటో నేర్చుకున్నది!

1992 జనవరిలో ఆ ప్రోగ్రాముని ఊరికే లోకానికి ఇచ్చేసి, దాని సంగతి మర్చిపోయాడు. దాదాపు రెండేళ్ళు గడిచాయి. మళ్ళీ దుమ్ము దులిపి బయటికి తీశాడు. ఎందుకో తెలుసా? భార్య కోసం! ఇంట్లో ఆవిడది విండోస్ కంప్యూటర్, ఈయనది లైనక్స్. ఆ రెండింటినీ కలపాలనుకున్నాడు. కొనడానికి వెతికితే ఏదీ దొరకలేదు. తను రాసిందే పరీక్షించి చూస్తే పని చేసింది! ఆ తర్వాత అది పెరిగి పెద్దదైంది. 1994లో ఒక కంపెనీ అప్పటి పేరు మాదని అభ్యంతరం చెబితే, ఎస్, ఎమ్, బి అక్షరాలు వరసగా వచ్చే మాటల కోసం నిఘంటువు గాలించి 'సాంబా' అని పెట్టాడు. మన సాంబడు కాడు, బ్రెజిల్ వాళ్ళ నాట్యం. ఈనాడు ఫోటోలు దాచుకోవడానికి ఇళ్ళల్లో పెట్టుకునే చిన్న చిన్న నిల్వపెట్టెలు చాలావాటిలో ఉన్నది ఈ సాంబాయే. ఆలుమగల కంప్యూటర్లు రెండూ పలకరించుకోవాలన్న కోరికలోంచి ఇంత కథ నడిచింది.

మైక్రోసాఫ్ట్ వారు 1992లోనే 'విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్' తెచ్చి, పక్కపక్క కంప్యూటర్లు ఫోల్డర్లు పంచుకునే వీలు కల్పించారు. 1996లో ఇంకో మంచి కట్టుబాటు వచ్చింది. 192.168తో మొదలయ్యే నంబర్లని ఎవరి ఇంట్లో వాళ్ళు వాడుకోవచ్చు, అవి గుమ్మం దాటి చెల్లవు. మనిళ్ళల్లో 'అక్కా', 'చిన్నోడా' అన్నట్టు. ప్రతి ఇంట్లోనూ ఒక అక్క ఉంటుంది, పిలిస్తే ఆ ఇంటి అక్కే పలుకుతుంది. 2009లో విండోస్ 7తో 'హోమ్‌గ్రూప్' అని వచ్చింది. ఒక్క పాస్‌వర్డ్ చెబితే ఇంట్లో కంప్యూటర్లన్నీ ఒక కుటుంబం. అచ్చంగా ఉమ్మడి కాపురం! దాన్ని 2018లో తీసేశారు. ఉమ్మడి కాపురాలు ఎక్కడా నిలవవు కాబోలు అనుకున్నాను.

తలుపులు తెరిచి పెట్టడంలో ప్రమాదం లేకపోలేదు. 2017 మే 12న 'వనాక్రై' అనే మహమ్మారి నూట యాభై దేశాల్లో కంప్యూటర్లని పట్టుకుంది. ఫైళ్ళన్నిటికీ తాళాలు వేసి, విప్పాలంటే మూడువందల డాలర్లు కట్టమంది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో పోలీసువారి కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంత ఏమిటో తెలుసా? ఈ ఎస్.ఎం.బి. తలుపు తాలూకు మొదటినాటి పాత గడియ. దాన్ని బాగుచేసే మందు మైక్రోసాఫ్ట్ వారు మార్చిలోనే ఇచ్చారు, వేసుకోనివాళ్ళు వేసుకోలేదు. ఆ ఏడాది చివర నుంచి విండోస్‌లో ఆ పాత గడియ పెట్టడమే మానేశారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మా వాడు వచ్చి కూర్చున్నప్పుడు నాకు ప్రతి మెట్టూ అర్థమైంది. నెట్‌వర్కుని 'ప్రైవేట్' అని పెట్టాడు. మొత్తం డిస్కు కాకుండా ఫోటోల ఫోల్డరు ఒక్కటే పంచాడు. నా పేర ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్ పెట్టాడు. అరగంట పని. గోడకి ఇటుపక్క, నా బల్లమీద, పెళ్ళికూతురుగా మా అత్తగారు ప్రత్యక్షమయ్యారు.

సంబరంగా ఆ ఫోటోకి నంబరు తీసేసి పేరు పెట్టబోయాను. అనుమతి లేదంది కంప్యూటర్. "చూడ్డానికి మాత్రమే ఇచ్చాను పిన్నీ. నాన్న అలా పెట్టమన్నారు" అన్నాడు వాడు, నా ముఖం చూడకుండా. ఎంత చిన్నబుచ్చుకున్నానో చెప్పలేను. గోడ అడ్డంగా ఉన్నది చాలక కంప్యూటర్లో కూడానా!

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే బావగారి మాటలోనూ న్యాయం కనిపించింది. మన కంప్యూటర్లో పొరపాటున చెరిపేసిన ఫైలు చెత్తబుట్టలో ఉంటుంది, వెనక్కి తీసుకోవచ్చు. నెట్‌వర్కు మీదుగా పక్కవాళ్ళది చెరిపితే బుట్టలోకి కూడా రాదు, అంతే సంగతులు. ఉన్నది ఆ ఒక్క ప్రతి. ఆయన భయం నా మీద కాదు, పొరపాటు మీద.

అయితే వాళ్ళకి తెలియనిది ఇంకోటి ఉంది. ఫోటోలు అటున్నాయి గానీ, పేర్లు ఇటున్నాయి. అత్తగారు నా వంతు నెలల్లో సాయంకాలంపూట టీ తాగుతూ, ఆ ట్రంకుపెట్టె ముందేసుకుని ఒక్కొక్కళ్ళ గురించీ చెప్పేది. ఈవిడ మాచర్ల మేనత్త, ఈయన పొగాకు వ్యాపారంలో చితికిపోయిన పెదనాన్న, ఈ పిల్ల ఆరేళ్ళకే పోయిన నా ఆడపడుచు. ఆ సంగతులు నా తలకాయలో తప్ప ఇంకెక్కడా లేవు.

ఈ మాట తోడికోడలు చెవిన వేశాను. నాలుగు రోజుల తర్వాత మా వాడు ఒక కొత్త డిస్కు తెచ్చి, ముందు అన్నిటికీ ఇంకో ప్రతి తీసి దాచాడు. అప్పుడు నా పేరుకి ఎదురుగా 'చదవడం' తీసి 'రాయడం' పెట్టాడు. ఎవరు పెట్టమన్నారని నేను అడగలేదు.

ఇప్పటికి నూట పది ఫోటోలకి పేర్లు రాశాను. అన్నదమ్ములు ఇంకా ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. కానీ మధ్యాహ్నం వంటిళ్ళు సర్దుకున్నాక, గోడకి అవతల నుంచి మా అక్క గొంతు వినిపిస్తుంది.

"ఏమేవ్! ఆ మూడో ఫోటోలో బావి దగ్గర నిలబడ్డావిడ ఎవరే? పేరు రాయలేదు!"

"చెప్తానుండక్కా!" అని ఇటునుంచి నేను కేకేస్తాను. ఆ కేకకి పాస్‌వర్డ్ అక్కర్లేదు.