సైరన్ వెనుక వైద్యం

108 అంబులెన్స్ చరిత్రను మనం ఎక్కువగా వేగం కథగానే చెప్పుకుంటాం. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సభల్లో ‘కుయ్ కుయ్’ అంటూ ఆ బండి మోతను అనుకరించడం చాలామందికి ఇప్పటికీ గుర్తు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, సికింద్రాబాద్ శివారు దేవరయాంజాల్‌లో దాన్ని నడిపిన సంస్థ ఈఎంఆర్‌ఐ కేంద్రం నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా అల్లుకున్న ఆ సేవలో అసలు మలుపు వేగం కాదని నా వాదన. అంబులెన్సులు అంతకుముందూ ఉన్నాయి. వాటి పని మనిషిని మోసుకుపోవడమే. ఆ బండిలో శిక్షణ పొందిన అత్యవసర వైద్య సహాయకుణ్ణి (ఈఎంటీ) కూర్చోబెట్టి, ఫోన్లో దారి చూపే డాక్టరును కేంద్రంలో ఉంచడం 108 తెచ్చిన మార్పు. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో మొదలైన రెండేళ్ల పారామెడిక్ కోర్సు ఆ ఆలోచనకే కొనసాగింపు. 1966లోనే బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను, కారు బ్యాటరీలతో నడిచేదాన్ని, రోగి గుమ్మం దాకా తీసుకెళ్లాడు. మన దగ్గర ఆ ఆలోచన వ్యవస్థగా నిలబడేసరికి దాదాపు నలభై ఏళ్లు గడిచాయి.

ఈ వాదనకు గట్టి పరీక్ష, గుండెకు పరికరం పెట్టించుకున్న రోగి. మనిషికి తొలి పేస్‌మేకర్ అమర్చింది 1958లో, స్టాక్‌హోంలో. ప్రాణాంతకమైన లయను పసిగట్టి తానే షాక్ ఇచ్చే ఐసీడీని 1980లో, బాల్టిమోర్‌లో. అలాంటి మనిషి కుప్పకూలితే బండి ఎంత త్వరగా వచ్చినా చాలదు. కాలర్ ఎముక కింద చర్మం ఉబ్బుగా ఉందేమో చూడాలి. డీఫిబ్రిలేటర్ ప్యాడ్‌ను దానిమీద అంటించకూడదు. కనీసం 8 సెంటీమీటర్లు ఎడంగా పెట్టాలి, లేదా ఒకటి ఛాతీకి, ఒకటి వీపుకి. పరికరం ఉందన్న భయంతో ఛాతీ నొక్కడం ఆపకూడదు. ఆ క్షణాన ఐసీడీ షాక్ ఇచ్చినా, ముట్టుకున్నవారికి సాధారణంగా చిన్న జలదరింపే. పరికరం తీరు మార్చడానికి దానిపై ఉంచే అయస్కాంతం సంగతి మరీ సున్నితం. పైన ఉంచితే చాలా పేస్‌మేకర్లు గుండె సొంత లయను పట్టించుకోకుండా ఒకే వేగంతో పనిచేస్తాయి. ఐసీడీ మాత్రం సాధారణంగా షాక్ ఇవ్వడమే మానేస్తుంది. తేడా తెలియని చేతిలో అది ప్రాణాలు తీయగలదు.

ప్రసవాలు, రోడ్డు ప్రమాదాలు, పాముకాట్ల మధ్య ఇలాంటి రోగులు ఎందరని ఎవరైనా అడగవచ్చు. తక్కువే. కానీ ఈసీజీ చదవడం, ప్యాడ్ సరిగ్గా పెట్టడం, అనుమానం వస్తే డాక్టరుకు ఫోన్ చేయడం గుండె ఆగిన ప్రతి మనిషికీ పనికొచ్చే విద్యలు. ఇదంతా ఒక కంపెనీ దాతృత్వమేనన్న మాటా ఉంది. ఈఎంఆర్‌ఐ వెనుక ఉన్న సత్యం కంపెనీ కుంభకోణం 2009 జనవరిలో బయటపడింది. అదే ఏడాది జీవీకే గ్రూపు ఈఎంఆర్‌ఐ బాధ్యత తీసుకుంది, సేవ నిలిచింది. దాత మారినా పని తెలిసిన మనుషులు మిగిలారు, అదే దాన్ని కాపాడింది. పరికరాలు అమర్చేది నగరంలోని పెద్దాసుపత్రుల్లో. ఆ రోగుల్లో ఎందరో తిరిగి వెళ్లేది మెదక్, నల్గొండ పల్లెలకు. అర్ధరాత్రి వాళ్లను ముందుగా చేరేది 108 ఈఎంటీయే. అందుకే ఆసుపత్రి ఇచ్చిన పరికరం కార్డు బీరువాలో కాదు, జేబులో ఉండాలి. గుండెకు మిషన్ పెట్టించుకున్న సంగతి ఫోన్ చేసినప్పుడే చెప్పాలి.