సిద్దయ్య, కాలజ్ఞానం, అమెరికా కథల సాహెబు

మొన్న జుమా నమాజ్ అయ్యాక మాచవరంలో చాయ్ దుకాణం దగ్గర ఒక కుర్రాడు తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "చచ్చా, కరోనా వస్తుందని బ్రహ్మంగారు ముందే రాశారంట, సచ్ హై క్యా?" 2020లో ఊరూరా తిరిగిన 'కోరంకి' జబ్బు మెసేజే అది. "బేటా, 2019లో ఈ మాట నీకెవరైనా చెప్పారా?" అన్నాను. నవ్వేశాడు. కానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు.

అమెరికాలో రాన్ హబ్బర్డ్ అని ఒక కథల రచయిత ఉండేవాడు. రాకెట్లు, వేరే గ్రహాల ఖిస్సాలు రాసి పొట్టపోసుకునేవాడు. 1950 మే నెలలో తన 'డయానెటిక్స్'ను మొదట బయటపెట్టింది కూడా అలాంటి కథలేసే 'అస్టౌండింగ్' పత్రికలోనే. నాలుగేళ్లు తిరక్కుండానే అది సైంటాలజీ అనే మజ్హబ్ అయింది. పై మెట్టుకు చేరిన మురీదులకు మాత్రమే చెప్పే రహస్యం ఏమిటంటే, ఏడున్నర కోట్ల ఏళ్ల కిందట జీనూ అనే నక్షత్రాల పాలకుడు చేసిన జుల్మ్! ముందు కథ, తర్వాత మతం. రెండింటికీ కలం ఒక్కటే.

మన దగ్గర తరీఖా వేరు. పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని రివాయత్. తర్వాత కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేశారు, అక్కడే మఠం వెలిసింది. కాలం 17వ శతాబ్దం అంటారు. ఈ రోజు బజార్లో దొరికే కాలజ్ఞానం పుస్తకాలు రెండు కొని పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదానిలో ఉన్నది రెండోదానిలో ఉండదు. రైలు, కరెంటు, వితంతువు పాలన అన్నీ ఆయన ఖాతాలోకే వచ్చి చేరాయి. సంఘటన ముందు, జోస్యం తర్వాత. హబ్బర్డ్ తన కథలు తానే రాసుకున్నాడు. బ్రహ్మంగారి పేరు మీద మాత్రం మూడొందల ఏళ్లుగా జనం రాస్తూనే ఉన్నారు. ముఖానికి రంగేసుకునేవాళ్లు రాజ్యమేలతారన్న మాట కూడా ఆయనదే అంటారు కదా, 1984లో ఆ వేషం కట్టిన ఎన్టీఆర్ అప్పటికే ముఖ్యమంత్రి! అందులో సిద్దయ్య వేషం బాలకృష్ణది.

అసలు మనకు తాల్లుక్ ఉన్నది ఆ సిద్దయ్యతోనే. ముడుమాల దూదేకుల ఇంటి బిడ్డ. కొడుకు గురువు వెంట వెళ్లిపోయాడని తల్లిదండ్రులు నవాబు దగ్గర ఫిర్యాద్ చేశారనీ, దర్బారులో సిద్దయ్య చూపుకు బండరాయి పగిలిందనీ కథ. ఆ బండ సంగతి నేను ఒప్పుకోను. కానీ దూదేకుల కుర్రాడూ, మాదిగ కక్కయ్యా ఒక విశ్వబ్రాహ్మణ గురువుకు ముఖ్య శిష్యులయ్యారన్న జ్ఞాపకాన్ని జనం ఇన్ని తరాలు దాచుకున్నారు. నాకు కాలజ్ఞానం అంతటికన్నా అదే పెద్ద తారీఖీ ఖబర్.

గైబ్ సంగతుల్లో నా అఖీదా సాఫ్. సూరె లుఖ్మాన్ ఆఖరి ఆయత్ చదివినవాళ్లకు రేపటి ఇల్మ్ ఎవరిదో తెలుసు. అయితే ఆ అఖీదా పేరు చెప్పి మనలో కొందరు దూదేకులవాళ్లను "వాళ్లు సగం ముసల్మాన్లే, సిద్దయ్య వారసులు" అని ఎగతాళి చేస్తారు. నాకు దిల్ మండేది అక్కడే. మా నానీమాది దూదేకుల ఇల్లు. ఉర్దూ రాదు, దువా కూడా తెలుగులోనే చేసేది. ఫజర్ మాత్రం ఎన్నడూ తప్పలేదు. దూది ఏకే విల్లు వాళ్లింటి అటక మీద చాన్నాళ్లు ఉండేది.

గురువు సమాధిలోకి వెళ్లే వేళకు సిద్దయ్యను పూల కోసం బనగానపల్లెకు పంపారట. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఈ ఖిస్సా చెప్పేటప్పుడు నానీమా ఇక్కడ ఆగి పైటతో కళ్లు తుడుచుకునేది. "నానీ, అదంతా సచ్చేనా?" అని చిన్నప్పుడు నేనూ అడిగాను. "పూలు తెచ్చినోడు ఏడ్చింది సచ్చే రా. మిగతాది అల్లాకే తెలుసు" అంది.