యబ్బేజు: ఒక అరుదైన హీబ్రూ నామం - నిరుక్తి, అనువాదం, వ్యాప్తి

ఉపోద్ఘాతం

వ్యక్తినామాలకు అర్థం చెప్పే సంకలనాలు సాధారణంగా ఒక్క మాటతో సరిపెడతాయి. ‘దావీదు’ అంటే ప్రియుడు, ‘దానియేలు’ అంటే దేవుడే నా న్యాయాధిపతి అన్న తీరులోనే ‘యబ్బేజు’ అంటే వేదన లేదా దుఃఖం అని వాటిలో ఉంటుంది. ఈ వివరణను యథాతథంగా స్వీకరిస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. కన్నబిడ్డకు దుఃఖమని ఎవరైనా ఎందుకు పేరు పెడతారు? మొదట ఒక తల్లి పెట్టిందే అనుకున్నా, ఆ తరువాత శతాబ్దాల పాటు ఇతర దేశాల్లో, ఇతర భాషల్లో తల్లిదండ్రులు ఆ పేరును ఎందుకు ఎంచుకున్నారు? యబ్బేజు నామానికి నిఘంటువు ఇచ్చే అర్థం చాలదని, ఆ పేరును నిలిపినది దాని ధాత్వర్థం కాక దానికి అంటిపెట్టుకొని ఉన్న కథ అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. మూలపాఠం, నిరుక్తి, అనువాదాలు, వ్యాప్తి అనే క్రమంలో పరిశీలన సాగుతుంది.

1. మూలపాఠం

హీబ్రూ బైబిలులోని మొదటి దినవృత్తాంతముల గ్రంథంలో తొలి తొమ్మిది అధ్యాయాలు వంశావళులు. వ్యక్తుల పేర్లు వరుసగా సాగే ఆ పట్టికల నడుమ, యూదా వంశాన్ని చెప్పే 4వ అధ్యాయంలో, 9, 10 వచనాల వద్ద కథనం హఠాత్తుగా ఆగుతుంది. యబ్బేజు తన సోదరులకంటె గౌరవనీయుడని, వేదనతో కన్నందువల్ల తల్లి అతనికి ఆ పేరు పెట్టిందని 9వ వచనం చెపుతుంది. తనను ఆశీర్వదించమని, తన సరిహద్దును విశాలం చేయమని, తనకు వేదన కలగకుండా కీడు నుండి తప్పించమని అతడు చేసిన ప్రార్థన, దానికి దేవుడిచ్చిన అనుగ్రహం 10వ వచనంలో ఉన్నాయి. వెంటనే పేర్ల పట్టిక మళ్లీ మొదలవుతుంది.

ఈ రెండు వచనాల్లో గమనించదగిన లోపాలున్నాయి. తండ్రి పేరు లేదు. తల్లి పేరూ లేదు. పుత్రుల ప్రస్తావన లేదు. వంశావళిలో నిలవడానికి కావలసిన ఆధారాలేవీ లేకుండానే యబ్బేజు అందులో నిలిచాడు. ఇదే గ్రంథంలో 2వ అధ్యాయం 55వ వచనంలో యబ్బేజు అనేది లేఖికులు నివసించే ఒక ఊరి పేరుగా కనిపిస్తుంది. వ్యక్తికీ ఊరికీ గల సంబంధాన్ని పాఠం వివరించదు.

2. నిరుక్తి: వర్ణవ్యత్యయం

హీబ్రూలో ఈ పేరు యోద్, అయిన్, బేత్, త్సాదే అనే నాలుగు అక్షరాలతో ‘యఅబేత్స్’ అని ఉంటుంది. తల్లి మాటల్లోని ‘వేదన’కు మూలంలో ఉన్న పదం ‘ఓత్సెబ్’. దీని ధాతువులోని హల్లులు వరుసగా అయిన్, త్సాదే, బేత్. పేరులోనేమో అయిన్ తరువాత బేత్, ఆపైన త్సాదే వస్తాయి. అంటే చివరి రెండు హల్లులు స్థానాలు మార్చుకున్నాయి. పేరులోని క్రమంలో ఉండే ధాతువు హీబ్రూ బైబిలులో మరెక్కడా ప్రయోగంలో లేదు. కాబట్టి ‘యబ్బేజు అంటే వేదన’ అన్నది కచ్చితమైన వ్యుత్పత్తి కాదు. అది ధ్వనిసామ్యంపై ఆధారపడిన నిరుక్తి.

తెలుగు భాషాచరిత్ర చదివినవారికి వర్ణవ్యత్యయం కొత్త కాదు. తమిళంలోని ‘ఉరల్’ తెలుగులో ‘రోలు’ కావడం, ‘అవర్’ ‘వారు’ కావడం మనకు సుపరిచిత ఉదాహరణలు. అయితే అవి భాషా పరిణామంలో అప్రయత్నంగా జరిగిన మార్పులు. యబ్బేజు విషయంలో జరిగినది దీనికి భిన్నం. దీనికి దగ్గరి పోలిక సంస్కృత నిరుక్త సంప్రదాయంలో దొరుకుతుంది. ‘హింస్’ ధాతువు నుండి వర్ణవిపర్యయం వల్ల ‘సింహ’ శబ్దం ఏర్పడిందని ఆ సంప్రదాయం చెపుతుంది. ఆధునిక భాషాశాస్త్రం ఆ వ్యుత్పత్తిని అంగీకరించినా అంగీకరించకపోయినా, ఆలోచనా పద్ధతి మాత్రం ఒక్కటే. బాధను సూచించే పదంలోని హల్లులు తారుమారై గౌరవనీయమైన ఒక నామం రూపొందుతున్నది.

హీబ్రూ కథకుడు ఈ చమత్కారాన్ని ఒక్కసారితో వదలలేదు. ప్రార్థన చివర ‘నాకు వేదన కలగకుండా’ అన్నచోట అదే ధాతువును మళ్లీ వాడాడు. తల్లి నోట పేరుకు కారణమైన మాట, కుమారుని నోట ఆ పేరు నుండి విముక్తి కోరే మాట అయింది. వచనాలు రెండే అయినా నిర్మాణం సంపూర్ణం.

3. మారని పేరు

బైబిలులో దుఃఖసూచకమైన పేర్లు ఇతరత్రా ఉన్నాయి. ఆదికాండము 35వ అధ్యాయంలో రాహేలు ప్రసవిస్తూ ప్రాణం విడిచేవేళ కుమారునికి బెనోని అని పేరు పెట్టింది. తండ్రి యాకోబు దానిని బెన్యామీను అని మార్చాడు. యబ్బేజు కథలో పేరు మార్చే తండ్రి లేడు. దేవుడు కూడా ప్రార్థనను ఆలకించాడే కాని, అబ్రాముకు అబ్రాహాము అని పెట్టినట్లుగా కొత్త పేరు ఇవ్వలేదు. పైగా అతడు గౌరవనీయుడన్న మాట మొదట వచ్చి, పేరుకు కారణం తరువాత వస్తుంది. పేరు అలాగే ఉంటుంది. మారినది ఆ పేరు మోసిన మనిషి గతి.

తెలుగునాట పుట్టిన బిడ్డలు దక్కని తల్లులు పెట్టుకునే పెంటయ్య, పెంటమ్మ వంటి పేర్లతో దీనిని పోల్చాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది. ఆ పోలికకు పరిమితి ఉంది. పెంటయ్య అనే పేరు ఒక రక్షణోపాయం. హీనమైన పేరు పెడితే మృత్యువు బిడ్డ జోలికి రాదన్న విశ్వాసం దాని వెనుక ఉంది. ఆ పేరు రాబోయే ఆపదను ఉద్దేశించినది. యబ్బేజు తల్లి పెట్టిన పేరు జరిగిపోయిన బాధకు గుర్తు. అందులో రక్షణోద్దేశం ఉన్నట్లు పాఠంలో సూచన లేదు. రక్షణను కోరే పని ఇక్కడ బిడ్డదే అయింది.

4. అనువాదాల్లో శబ్దం, అర్థం

పేరుకూ దాని కారణానికీ మధ్య ధ్వనిబంధం ఉన్నప్పుడు అనువాదకుని ముందు రెండే మార్గాలుంటాయి. శబ్దాన్ని నిలిపితే అర్థం పోతుంది. అర్థాన్ని నిలిపితే శబ్దం పోతుంది. ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతు మొదటి మార్గం పట్టింది. అందులో పేరు ‘ఇగబేస్’. తల్లి చెప్పిన కారణంలో ‘వేదన’ స్థానంలో ‘గబేస్’ అనే రూపం ఉంది. గ్రీకు పాఠకునికి ఆ మాటకు అర్థం లేదు. ధ్వనిసామ్యం మాత్రం స్పష్టం. అయిన్ అక్షరానికి గ్రీకులో గకారం రావడం మనకూ పరోక్షంగా పరిచయమే. గాజా, గొమొఱ్ఱా అనే పేర్లలో తెలుగువారు పలికే గకారం ఆ గ్రీకు లిప్యంతరీకరణ నుండి వచ్చినదే. హీబ్రూలో ఆ రెండు పేర్లూ అయిన్‌తోనే మొదలవుతాయి.

తెలుగు బైబిలు రెండవ మార్గం పట్టింది. ‘వేదన’ అనే మాటకూ ‘యబ్బేజు’కూ ధ్వనిలో ఏ సంబంధమూ లేదు. తల్లి వేదన పడితే ఈ పేరే ఎందుకు పెట్టిందో తెలుగు పాఠకునికి బోధపడదు. ప్రార్థనలో కీడు అనే మాటే ప్రధానమై రెండవ చమత్కారం కూడా మరుగున పడింది. అయితే తెలుగు అనువాదం మరొక లోతైన బంధాన్ని కాపాడింది. ఆదికాండము 3వ అధ్యాయం 16వ వచనంలో హవ్వకు విధించిన ప్రసవవేదనను చెప్పే హీబ్రూ పదం కూడా ఈ ధాతువుకు చెందినదే. తెలుగులో ఆ చోటా ఈ చోటా ‘వేదన’ అనే పదమే ఉంది. అందువల్ల యబ్బేజు తల్లి బాధ ఒక్క స్త్రీ బాధగా కాక, ఆదిస్త్రీ నుండి వస్తున్న బాధగా తెలుగులో చదువుకోవచ్చు. అర్థంలేని ‘గబేస్’ను ఉంచుకున్న గ్రీకులో ఆ వీలు లేదు.

తెలుగు రూపం కూడా గమనార్హం. మొదటి యకారం హీబ్రూ యోద్‌కు అనుగుణం. యాకోబు, యోహాను వంటి పేర్లలోనూ ఇదే పద్ధతి. చివరి జకారం మాత్రం హీబ్రూకు దూరం. సీయోను, ఇస్సాకు అనే పేర్లలో త్సాదేకు సకారం వచ్చింది. ఇక్కడ, ‘ఊజు’ అనే దేశనామంలో జకారం కనిపిస్తుంది. ఇంగ్లీషు వర్ణక్రమం ప్రభావమే ఇందుకు కారణమని ఊహించవచ్చు. మొదలు హీబ్రూను, తుది ఇంగ్లీషును అనుసరించగా, అజంతత కోసం చేరిన ఉకారం తెలుగుది. ఒక్క పేరులో మూడు భాషల ముద్ర ఉంది.

5. వ్యాప్తి

యూదు సంప్రదాయం ఈ పేరుకు వేదన అనే అర్థాన్నే అంతిమంగా స్వీకరించలేదు. తాల్ముదులోని తెమూరా భాగం యబ్బేజును న్యాయాధిపతి ఒత్నీయేలుతో అభిన్నునిగా భావించి, ఆలోచన చెప్పి ధర్మశాస్త్రాన్ని వ్యాపింపజేసినవాడు కనుక ఆ పేరు వచ్చిందని కొత్త నిరుక్తి చెప్పింది. లేఖికులు నివసించిన ఊరి ప్రస్తావనకు ఈ అర్థం చక్కగా పొసగుతుంది. 18వ శతాబ్దపు పండితుడు యాకోబ్ ఎమ్డెన్ (1697-1776) ‘యాకోబ్ బెన్ త్స్వీ’ అనే తన పేరులోని అక్షరాలను కూర్చి ‘యఅబేత్స్’ అని ప్రసిద్ధుడయ్యాడు. అక్షరాలు ఆ నాలుగే. అర్థం మాత్రం మూడవది.

ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంటు సమాజాల్లో బైబిలు పేర్లపై మక్కువ పెరిగినప్పుడు ‘జేబెజ్’ అనే రూపం వాడుకలోకి వచ్చింది. దావీదు, దానియేలు పేర్ల స్థాయికి అది ఎన్నడూ చేరలేదు. దానిని ఎందుకు ఎంచుకున్నారో తెలిపే ఒక దృష్టాంతం ఉంది. 1769లో మెథడిస్టు బోధకుడు రిచర్డ్ బోర్డ్‌మన్ అమెరికా వెళ్లే నౌక ఎక్కబోతూ దారిలో డెర్బీషైర్‌లోని మోన్యాష్ గ్రామంలో యబ్బేజు ప్రార్థనపై ప్రసంగించాడు. విన్నవారిలో మేరీ రెడ్‌ఫెర్న్ అనే యువతి ఉంది. ఆ ప్రసంగం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. పదేళ్ల తరువాత, 1779లో, ఆమె తన కుమారునికి జేబెజ్ అని పేరు పెట్టింది. అతడే మెథడిస్టు మహాసభకు నాలుగుసార్లు అధ్యక్షుడైన జేబెజ్ బంటింగ్ (1779-1858). ఇక్కడ పేరు పెట్టినది మళ్లీ ఒక తల్లే. అయితే ఆమె మనసులో ఉన్నది 9వ వచనంలోని వేదన కాదు, 10వ వచనంలోని ప్రార్థన.

పేరు గతిని నిర్ణయించదనడానికి వ్యతిరేక దృష్టాంతం జేబెజ్ బాల్ఫోర్ (1843-1916). పార్లమెంటు సభ్యుడైన ఇతడు నడిపిన లిబరేటర్ గృహరుణ సంఘం 1892లో కుప్పకూలింది. అర్జెంటీనాకు పారిపోయి పట్టుబడిన అతనికి 1895లో 14 ఏళ్ల శిక్ష పడింది. ‘సరిహద్దు విశాలం కావాలి’ అన్న కోరికను ఎలాగైనా చదువుకోవచ్చునని ఈ జీవితం గుర్తుచేస్తుంది. 2000లో బ్రూస్ విల్కిన్సన్ ఈ ప్రార్థనపై రాసిన చిన్న పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడైనప్పుడు, అది సంపదను కోరే మంత్రంగా మారుతున్నదన్న విమర్శ వచ్చింది.

ఈ పేరు భారతదేశానికి చాలా ముందే వచ్చింది. 1793లో విలియం కేరీ ఇంగ్లండు నుండి బయలుదేరినప్పుడు వెంట ఉన్న పసివాని పేరు జేబెజ్. కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపూరులో అచ్చయిన 1814లోనే ఆ కుమారుడు మతప్రచారకునిగా అంబోయినా ద్వీపానికి వెళ్లాడు. నేడు తెలుగు క్రైస్తవుల ఆరాధనల్లో ‘యబ్బేజు ప్రార్థన’ అనే మాట ఉంది. పిల్లల పేరుగా మాత్రం ఇంగ్లీషును అనుసరించిన ‘జాబెజ్’ వినిపిస్తుంది. ప్రార్థనకు ఒక రూపం, మనిషికి మరొక రూపం స్థిరపడ్డాయి.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. యబ్బేజు నామానికి వేదన అనే అర్థం ధాతువు నుండి నేరుగా వచ్చినది కాదు, వర్ణవ్యత్యయంతో కథకుడు కల్పించినది. గ్రీకు అనువాదం శబ్దాన్ని, తెలుగు అనువాదం అర్థాన్ని నిలిపాయి. యూదు పండితులు అర్థాన్నే మార్చగా, తరువాతి క్రైస్తవ కుటుంబాలు అర్థాన్ని దాటి ప్రార్థనను స్వీకరించాయి. కాబట్టి తెలుగు వ్యక్తినామాల పరిశోధనలో బైబిలు పేర్లను ‘అన్యభాషా నామాలు’ అనే పట్టికలో చేర్చి, ఎదురుగా ఒక్క మాట అర్థం రాసి ముగించడం న్యాయం కాదు. జాబెజ్ అని పేరున్న విద్యార్థి తన పేరుకు అర్థమేమిటని అడిగితే ‘దుఃఖం’ అని చెప్పడం తప్పు కాకపోవచ్చు. కాని అది 9వ వచనం దగ్గర ఆగిపోయిన జవాబు. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు 10వ వచనం కూడా చదివారు.