హిమాచల గృహనిర్మాణము: నాడును, నేడును

కొండపై ఇల్లు కట్టువాడు మంచు బరువును, నేల వాలును, భూకంపమును లెక్కింపవలెను. హిమాచల ప్రదేశమున ఈ లెక్క తప్పినపుడెల్ల ప్రాణనష్టము సంభవించినది.

కులు, సిమ్లా కొండలలోని ప్రాచీన నిర్మాణ పద్ధతికి ‘కాఠ్‌కుణి’ యని పేరు. కాష్ఠ, కోణ శబ్దములనుండి పుట్టిన మాట యిది. దేవదారు దూలముల నొక వరుస పరచి, దానిపై రాళ్లు పేర్చి, మరల దూలములు, మరల రాళ్లు. ఇట్లు గోడను లేపుదురు. రాళ్ల నడుమ సున్నము వాడరు. మూలలయందు దూలములు ఒకదానితో నొకటి బంధింపబడును. భూమి కంపించినపుడు రాళ్లు కొంచెము కదలి ఆ ఊపును తమలో నణచుకొనును. దూలములు గోడను విడిపోనీయవు. క్రింది అంతస్తున పశువులు, పైన మనుష్యులు నుందురు. పశువుల వేడిమి పైగదుల చలిని తగ్గించును.

1905 ఏప్రిల్ 4వ తేదీన ఈ పద్ధతికి గొప్ప పరీక్ష వచ్చినది. ఆనాటి కాంగ్రా భూకంపమున సుమారు 20,000 మంది మరణించిరి. కాంగ్రాకోటయు, వజ్రేశ్వరీ ఆలయమును శిథిలములైనవి. కులు ప్రాంతమును కంపించినది. అచటి చెహనీ గ్రామమున కాఠ్‌కుణి బురుజు పై అంతస్తులను కోల్పోయినను కూలలేదు, నేటికిని నిలిచియున్నది.

ఇంతకు పూర్వమే సిమ్లాలో వేరొక వాస్తువు ప్రవేశించినది. 1864లో ఆ పట్టణము వేసవి రాజధాని కాగా, ప్రభుత్వ కార్యాలయములు ఏటేట కలకత్తానుండి, పిదప ఢిల్లీనుండి కొండ నెక్కెడివి. హెన్రీ ఇర్విన్ రూపొందించిన రాజప్రతినిధి భవనము 1888లో పూర్తియైనది. 1896–97లో ఇనుము, ఉక్కులతో లేచిన భవనమున రైల్వేబోర్డు కార్యాలయము నెలకొన్నది.

స్వాతంత్ర్యానంతరము కాంక్రీటు వ్యాపించినది. దీనిని కేవలము వేలంవెఱ్ఱి యనరాదు. దేవదారు దుర్లభమైనది, పనితెలిసిన వడ్రంగులు తగ్గిరి. సామాన్య కుటుంబమునకు కాంక్రీటే అందుబాటులో నున్నది. దోషము కాంక్రీటుది గాదు. నిట్టవాలుపై అంతస్తులమీద అంతస్తులు లేపుట, వాననీటి దారుల మూయుట దోషములు. 2023 ఆగష్టు వర్షములకు సిమ్లాలో కొండచరియలు విరిగి యిండ్లు కూలినవి. సమ్మర్‌హిల్ శివాలయమున పూజకు వచ్చిన భక్తులు ప్రాణములు గోల్పోయిరి.

పాత నేర్పునకును, నూతన శాస్త్రమునకును నిజమునకు వైరము లేదు. భూకంపములకు తట్టుకొను కట్టడములకై 1993లో సవరింపబడిన భారతీయ ప్రమాణ నిబంధనావళి, గోడలచుట్టును అడ్డముగా కాంక్రీటు పట్టీలు వేయవలెనని విధించుచున్నది. పూర్వము దేవదారు దూలములు చేసిన పని యిదియే. వడ్రంగి అనుభవమున నెఱిగినదానిని ఇంజనీరు గణితమున నిరూపించెను. కొండవాలును గౌరవించు వివేకమును గూడ మన మా వడ్రంగినుండి గ్రహించినగాని క్రొత్త యిల్లు క్షేమముగా నిలువదు.