బ్లాక్‌చెయిన్ సముదాయ గ్రాంట్లు

చాలా యంత్రాలు కలిసి నడిపే ఉమ్మడి లెక్కల పుస్తకం బ్లాక్‌చెయిన్; దాని కోడ్ ఎవరైనా చూసి వాడుకునేలా ఉంటే అది ఓపెన్‌సోర్స్. అలాంటి బ్లాక్‌చెయిన్‌ను వాడేవారు, దానిపై పనిచేసేవారు కలిసి ఉమ్మడి నిధి ఏర్పరచుకుని, అందరికీ పనికొచ్చే పనులకు అందులోంచి డబ్బు ఇచ్చే ఏర్పాటే సముదాయ గ్రాంట్లు. కోడ్ రాయడం, లోపాలు సరిదిద్దడం, భద్రతా తనిఖీ, వాడుక పుస్తకాలు, అనువాదం, శిక్షణ వంటివి ఈ పనుల్లోకి వస్తాయి. ఈ డబ్బు అప్పు కాదు, వాటా కొనుగోలూ కాదు. తీసుకున్నవారు పని చేసి చూపించాలి, దాని ఫలితాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేయాలి.

ఇలాంటి పథకాన్ని రూపొందించేవారు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఎవరికి ఇవ్వాలో ఎవరు తేలుస్తారు? ఎప్పుడు ఇస్తారు? లెక్క ఎవరికి చెప్పాలి? 2014 తర్వాత వచ్చిన ప్రయోగాలన్నీ వీటిలో ఏదో ఒకదానికి జవాబు వెతికినవే. ఈ ప్రశ్నలు బ్లాక్‌చెయిన్‌తో పుట్టినవి కావు. గోదావరి డెల్టాలో ఊరి బడుల విషయంలో 1850ల్లోనే ఇవి తలెత్తాయి.

పూర్వరంగం: గోదావరి రేటు బడులు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడంతో డెల్టా పల్లెల్లో పంట పెరిగింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ దశకంలోనే సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురంలో ఒక బడి, ఆ తర్వాత పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బడులు వెలిశాయి. చుట్టుపక్కల ఊళ్ల రైతులు శిస్తు మీద కొంత శాతం అదనంగా చెల్లించి తమ ఊరి బడిని నడుపుకోవడానికి ఒప్పుకున్నారు. అవే సర్కారు రికార్డుల్లో రేటు బడులుగా పేరుపడ్డాయి. అదే కాలంలో, 1854 నాటి వుడ్ విద్యా తాఖీదును అనుసరించి, 1855లో మద్రాసు ప్రభుత్వం గ్రాంట్-ఇన్-ఎయిడ్ నిబంధనలు తెచ్చింది. స్థానికులు కొంత సమకూర్చుకుంటే దానికి తోడుగా సర్కారు కొంత ఇస్తుంది. తెలుగునాట ఎయిడెడ్ బడుల వ్యవస్థకు పునాది అదే.

రేటు పద్ధతి బలం దాని నిలకడలో ఉంది. సొమ్ము శిస్తుతోపాటే వసూలవుతుంది కనుక పంతులు జీతం దాత మనసును బట్టి మారదు. దాని బలహీనత సమ్మతి విషయంలో బయటపడింది. కొన్ని ఊళ్లవాళ్లు ఇష్టపడి ఒప్పుకున్న ఏర్పాటు జిల్లా అంతటా పరుచుకునేసరికి, రైతు ఒప్పుకోలు పేరుకే మిగిలిందన్న విమర్శ వచ్చింది. వసూలుకు చట్టబలం లేదన్న చిక్కు తీర్చడానికి 1863లో మద్రాసు విద్యా చట్టం చేశారు. 1871 నాటి స్థానిక నిధుల చట్టంతో ఊరి రేటు పోయి సాధారణ పన్ను వచ్చింది. నిలకడగా డబ్బు రావాలంటే వసూలు తప్పనిసరి కావాలి, తప్పనిసరి చేస్తే ఇచ్చేవాడి మాట చెల్లుబడి కాదు. బ్లాక్‌చెయిన్ గ్రాంట్ల చరిత్ర కూడా ఈ ముడి చుట్టూనే తిరిగింది.

తొలి దశ: చందాలు, ఫౌండేషన్లు

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో పేరుతో బిట్‌కాయిన్ అనే తొలి బ్లాక్‌చెయిన్ నాణేన్ని వివరించే పత్రం వెలువడింది. 2009 జనవరిలో వ్యవస్థ పని మొదలుపెట్టింది. కొత్తగా పుట్టే నాణేలన్నీ లావాదేవీలను తమ యంత్రాలతో నమోదుచేసే మైనర్లకే వెళ్లేవి. కోడ్‌ను కాపాడేవారికి ఒక్క పైసా కేటాయింపు లేదు. 2012లో ఏర్పడిన బిట్‌కాయిన్ ఫౌండేషన్ కొందరు ప్రోగ్రామర్లకు జీతాలిచ్చి, తర్వాత తానే డబ్బుకు కటకటలాడింది. 2015లో ఎంఐటీ డిజిటల్ కరెన్సీ ఇనిషియేటివ్ వారిలో ముగ్గురికి జీతాలిచ్చే బాధ్యత తీసుకుంది.

ఉచిత కోడ్‌ను పోషించకపోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చూసింది. ఇంటర్నెట్ భద్రతలో పెద్ద భాగం ఆధారపడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. అంత పెద్ద కోడ్‌ను చూసుకునేవారు కొద్దిమందే, దానికి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల పాటివే. ఆ నెలలోనే లినక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల సాయంతో కోర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇనిషియేటివ్ మొదలుపెట్టింది.

మరో బ్లాక్‌చెయిన్ అయిన ఇథీరియం దారి వేరు. 2014లో ముందస్తు నాణేల అమ్మకంతో దాదాపు 1.8 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ సేకరించి, స్విట్జర్లాండ్‌లోని జుగ్‌లో ఫౌండేషన్ పెట్టుకుంది. 2018లో పద్ధతి ప్రకారం గ్రాంట్లు ఇవ్వడం ప్రారంభించింది. డబ్బు సముదాయం నుంచే వచ్చినా తీర్పు మాత్రం ఫౌండేషన్ సిబ్బంది చేతిలో ఉండిపోయింది.

ఖజానా పద్ధతి

నాణెం పుట్టినప్పుడే కొంత భాగం ఉమ్మడి ఖజానాకు పోయేలా నియమాన్ని కోడ్‌లోనే రాసిపెట్టడం రెండో దారి. 2015లో డాష్ అనే బ్లాక్‌చెయిన్ ఇలా కొత్త నాణేల్లో పదో వంతును పక్కన పెట్టింది. 1,000 డాష్ నిలువ చూపిన మాస్టర్‌నోడ్ యజమానులు ప్రతిపాదనలపై ఓటు వేస్తారు. మొదట్లో ప్రతిపాదన పెట్టాలంటే 5 డాష్ రుసుము కట్టాల్సి వచ్చేది, అది తిరిగి వచ్చేది కాదు. ఊకదంపుడు దరఖాస్తులు అలా తగ్గాయి గానీ, చేతిలో డబ్బులేని ప్రోగ్రామరుకు ఆ గడపే ఎత్తయింది.

2016లో వచ్చిన జీక్యాష్ అనే మరో బ్లాక్‌చెయిన్ మొదటి నాలుగేళ్లు కొత్త నాణేల్లో 20 శాతాన్ని స్థాపకులు, పెట్టుబడిదారులు తదితరుల వాటాగా ఉంచింది. ఆ గడువు ముగిసేముందు సముదాయంలో సుదీర్ఘ చర్చ జరిగింది. 2020 నవంబరు నుంచి అదే 20 శాతాన్ని అభివృద్ధి నిధిగా మార్చి మూడు వాటాలు వేశారు. ఎలక్ట్రిక్ కాయిన్ కంపెనీకి 7 శాతం, జీక్యాష్ ఫౌండేషన్‌కు 5 శాతం, స్వతంత్ర బృందాల పెద్ద గ్రాంట్లకు 8 శాతం. ఈ మూడో వాటాను పంచడానికి అయిదుగురి సంఘాన్ని ఎన్నుకున్నారు. వసూలు తప్పనిసరిదే అయినా దానికి గడువు పెట్టడం, గడువు తీరాక మళ్లీ సమ్మతి అడగడం ఇందులోని మేలైన అంశం. గోదావరి రేటు బడులకు లేకపోయింది ఇదే.

డావో పతనం, మొలాక్ పాఠం

2016లో ద డావో అనే నిధి ఇథీరియంపై దాదాపు 15 కోట్ల డాలర్లు పోగుచేసింది. మనుషుల సంఘం అక్కర్లేదు, ఓటూ చెల్లింపూ కోడే చూసుకుంటుందన్నది దాని హామీ. జూన్ 17న ఒక అజ్ఞాత వ్యక్తి కోడ్‌లోని లొసుగు పట్టుకుని 36 లక్షల ఈథర్ (ఇథీరియం నాణేలు) మళ్లించాడు. దాన్ని వెనక్కి తేవడానికి జూలై 20న మొత్తం వ్యవస్థనే రెండుగా చీల్చవలసి వచ్చింది.

ఆ దెబ్బ తర్వాత 2019 ఫిబ్రవరిలో వచ్చిన మొలాక్‌డావో చిన్నగా, సరళంగా రూపుదిద్దుకుంది. సభ్యులు ఈథర్ జమచేసి, ఇథీరియం మౌలిక పనులకు ఓటుతో గ్రాంట్లు ఇచ్చేవారు. నచ్చని తీర్మానం నెగ్గితే, అది అమలయ్యేలోపు సభ్యుడు తన వాటా తీసుకుని బయటికి నడవొచ్చు. ఇచ్చేవాడి సమ్మతికి ఇది గట్టి రక్షణ.

క్వాడ్రాటిక్ ఫండింగ్

2018లో విటాలిక్ బ్యుటెరిన్, జోయీ హిట్జిగ్, గ్లెన్ వైల్ కలిసి రాసిన పత్రం గ్రాంట్-ఇన్-ఎయిడ్ లెక్కనే మార్చేసింది. పాత పద్ధతిలో స్థానికులు ఎంత డబ్బు పోగుచేస్తే దానికి సరిపడా తోడు గ్రాంటు వస్తుంది. కొత్త పద్ధతి మనుషుల సంఖ్యకు ఎక్కువ బరువు ఇస్తుంది. ఒక్కొక్కరి చందాకు వర్గమూలం తీసి, అన్నింటినీ కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేయాలి.

రెండు ప్రతిపాదనలు అనుకుందాం. ఒకటి డిజిటల్ వ్యాలెట్‌కు తెలుగు అనువాదం. దానికి వందమంది తలా ఒక రూపాయి ఇచ్చారు. రెండోది వ్యాపారులకు పనికొచ్చే విశ్లేషణ పరికరం. దానికి ఒక్కరే వంద రూపాయలు ఇచ్చారు. చందా రెండింటికీ సమానమే. వర్గమూలాల లెక్కలో మొదటిది 10,000 అవుతుంది, రెండోది 100 దగ్గరే ఆగుతుంది. ఇందులోంచి అసలు చందా తీసేయగా మిగిలినదాని నిష్పత్తిని బట్టి, తోడు నిధి ఎంత ఉంటే అంతలో పంచుతారు. ఒక్కడి డబ్బు మీద పెరిగేదేమీ లేదు, పదిమంది మద్దతు ఉంటేనే తోడు గ్రాంటు దండిగా వస్తుంది.

2017లో కెవిన్ ఓవోకీ తదితరులు ప్రారంభించిన గిట్‌కాయిన్ అనే వేదిక 2019 మొదట్లో 25,000 డాలర్ల తోడు నిధితో ఈ పద్ధతిని అమలుచేసింది. తర్వాతి విడతల్లో నిధి లక్షల డాలర్లకు పెరిగింది. దానితోపాటే దొంగ ఓట్ల బెడదా పెరిగింది. ఒకే మనిషి వంద ఖాతాలు తెరిచి తలా రూపాయి వేస్తే లెక్క తలకిందులవుతుంది. దాన్ని అడ్డుకోవడానికి 2022లో గిట్‌కాయిన్ పాస్‌పోర్ట్ అనే గుర్తింపు ఏర్పాటు తెచ్చారు. ఈ పద్ధతి పరువంతా మనిషిని మనిషిగా గుర్తించడం మీదే నిలిచి ఉంది.

పని చూసి చెల్లింపు

డబ్బు ఎప్పుడివ్వాలన్న ప్రశ్నకు రెండు బలమైన జవాబులు వచ్చాయి. మొదటిది దశలవారీ చెల్లింపు. పోల్కాడాట్ బ్లాక్‌చెయిన్ వెనకున్న వెబ్3 ఫౌండేషన్ 2018 చివరినుంచి దీన్ని నడిపింది. దరఖాస్తు గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. పనిని దశలుగా విడగొట్టి, ఒక్కోదానికి గడువు, ఖర్చు రాయాలి. ప్రతి దశలోనూ లైసెన్సు, వాడుక వివరాలు, పరీక్షించే విధానం జతచేయడం తప్పనిసరి. పరిశీలకులు ఆ కోడ్‌ను తమ యంత్రాలపై నడిపి చూసి, లోపాలుంటే బహిరంగంగానే రాస్తారు. సరైనదని తేలాకే ఆ దశ సొమ్ము వస్తుంది. 10,000 డాలర్లలోపు చిన్న గ్రాంటుకు సంఘంలో ఇద్దరి ఆమోదం సరిపోయేది. కొత్తవారికి తలుపు తెరిచింది ఈ చిన్న మెట్టే.

రెండోది గతంలో చేసిన మేలుకు ప్రతిఫలం. రాబోయే పనిని అంచనా వేయడం కంటే అయిన పని విలువ కట్టడం తేలికన్నది దీని వాదన. ఇథీరియంపై ఆధారపడి నడిచే ఆప్టిమిజం 2021 చివర్లో తొలి విడతగా 58 పనులకు 10 లక్షల డాలర్లు పంచింది. మూడో విడత వచ్చేసరికి, 2024 జనవరిలో, 501 పనులకు దాని సొంత నాణేలైన ఓపీ టోకెన్లు 3 కోట్లు దక్కాయి. అన్ని పనులనూ ఓటర్లు శ్రద్ధగా పరిశీలించడం కష్టమైంది. పైగా ముందు పెట్టుబడి పెట్టుకోలేని విద్యార్థికి ఈ పద్ధతి ఒక్కటే ఉంటే చాలదు.

ముందు చెప్పిన ఖజానా పద్ధతి కూడా ఆగిపోలేదు. 2017లో భారతీయులు మాటిక్ పేరిట మొదలుపెట్టిన పాలిగాన్ 2024లో పదేళ్లకు 100 కోట్ల పోల్ టోకెన్ల సముదాయ గ్రాంట్లు ప్రకటించింది. కొత్తగా పుట్టే టోకెన్లలో కొంత భాగం ఏటా ఖజానాకు చేరడమే దీనికి ఆధారం.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016 డిసెంబరులో విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ ప్రారంభించింది. 2017లో స్వీడన్ సంస్థ క్రోమావేతో భూమి రికార్డులపై ప్రయోగం ప్రకటించింది. 2019లో సంధ్య ఆక్వా సంస్థ ఆంధ్ర రొయ్యల జాడను అమెరికాలోని శామ్స్ క్లబ్ దుకాణాల వరకు ఐబీఎం ఫుడ్ ట్రస్ట్ అనే బ్లాక్‌చెయిన్ వ్యవస్థ ద్వారా కనిపెట్టే ప్రయోగంలో చేరింది. ఆ వ్యవస్థకు మూలం హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే ఓపెన్‌సోర్స్ కోడ్. తెలంగాణ 2018లో టెక్ మహీంద్రాతో బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ఒప్పందం, 2021లో స్టార్టప్‌ల కోసం యాక్సిలరేటర్ పథకం తెచ్చింది. ఇవన్నీ కంపెనీలకు ప్రోత్సాహం ఇచ్చినవి. తీర్పు సముదాయం చేతిలో పెట్టిన గ్రాంట్లు కావు.

సముదాయం ముందు బహిరంగంగా గ్రాంటు అడిగి లెక్క చెప్పే అలవాటు తెలుగువారికి వికీపీడియా ద్వారా వచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సభ్యులకు వికీమీడియా ఫౌండేషన్ గ్రాంట్లు అందుబాటులో ఉన్నాయి. ప్రతిపాదన, దానిపై చర్చ, ఖర్చుల నివేదిక అన్నీ బహిరంగ పేజీల్లోనే ఉంటాయి. దేశంలో 2024 అక్టోబరులో జెరోధా ఏటా 10 లక్షల డాలర్లతో ఫ్లాస్/ఫండ్ ప్రకటించి, ఓపెన్‌సోర్స్ పనులకు 10,000 నుంచి లక్ష డాలర్ల దాకా ఇవ్వడానికి ముందుకొచ్చింది.

మన దేశంలో గ్రాంటు టోకెన్ల రూపంలో ఇస్తే చట్టం చిక్కులు తప్పవు. 2022 ఆర్థిక చట్టం ప్రకారం వర్చువల్ డిజిటల్ ఆస్తుల అమ్మకంపై లాభంలో 30 శాతం పన్ను పడుతుంది, నష్టాన్ని సర్దుబాటు చేసుకోవడానికి లేదు. ఆ ఏడాది జూలై నుంచి బదిలీపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. విదేశీ నిధులు తీసుకునే సంఘాలకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన సొమ్మును మరో సంఘానికి పంచడం కుదరదు. అందుకే ఇక్కడి పథకానికి రూపాయల్లో చెల్లింపు, నేరుగా పనిచేసేవారికే చెల్లింపు సురక్షితమైన దారి.

అంచనా

ఈ చరిత్రలో నిలదొక్కుకున్న పథకాల్లో కొన్ని మేలైన లక్షణాలు అక్కడక్కడా కనిపిస్తాయి. వసూలుకు గడువు పెట్టి మళ్లీ సమ్మతి అడగడం, కొత్తవారికి చిన్న గ్రాంటుతో దారి ఇవ్వడం, పెద్ద మొత్తాన్ని దశలవారీగా చెల్లించడం, తిరస్కరించిన దరఖాస్తుకు కూడా కారణం బహిరంగంగా రాయడం. కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం నిట్, భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్ వంటి చోట్ల కోడ్ రాసే యువతకు కొదవ లేదు. వారికోసం ఎవరు ఉమ్మడి నిధి తలపెట్టినా, మొదటి రూపాయి వసూలు చేయకముందే ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాసి అందరి ముందూ పెట్టాలి.