వాగు పొంగితే అలర్ట్ వస్తుంది.. మరి ఆ అలర్ట్‌ను నమ్మొచ్చా? ఫాగ్ కంప్యూటింగ్‌లో సెక్యూరిటీ ఎందుకంత కీలకం?

2024 సెప్టెంబర్ 1.. మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలో ఆకేరు వాగు ఉప్పొంగింది. పురుషోత్తమాయగూడెం వంతెనను వరద ముంచెత్తింది. సీతారాం తండా నీట మునిగింది. ఇలాంటి చోట నీటిమట్టం చూసి ముందే హెచ్చరించే సెన్సర్ పెడితే ప్రాణాలు కాపాడొచ్చు. కానీ ఆ హెచ్చరిక నిజమైనదేనా? ఇదే అసలు ప్రశ్న.

అసలు ఫాగ్ కంప్యూటింగ్ అంటే ఏంటి?

వాగు దగ్గర పెట్టే సెన్సర్ చాలా చిన్నది, బ్యాటరీతో నడుస్తుంది. లెక్కలన్నీ అదే చేయలేదు. ఎక్కడో ఉన్న క్లౌడ్ సర్వర్‌కు పంపుదామంటే, భారీ వర్షంలో నెట్‌వర్క్ పోతే అంతే సంగతులు. అందుకే ఊళ్లోనే, ఏ పంచాయతీ ఆఫీసులోనో టవర్ దగ్గరో, ఒక చిన్న కంప్యూటర్ పెట్టి ఆ పని దానికి అప్పగిస్తారు. దీన్నే టాస్క్ ఆఫ్‌లోడింగ్ అంటారు. క్లౌడ్ అంటే పైనుండే మేఘం, ఫాగ్ అంటే నేలకు దగ్గరగా ఉండే పొగమంచు. 2012లో సిస్కో పరిశోధకులు ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు.

ముప్పు ఎక్కడుంది?

* నకిలీ నోడ్: అసలు కంప్యూటర్‌లా నటించే మరో డివైస్ సెన్సర్ డేటాను తనవైపు లాక్కోవచ్చు.
* దారిలో మార్పు: 4 మీటర్ల నీటిమట్టాన్ని 1 మీటరుగా మార్చేస్తే హెచ్చరికే రాదు.
* తప్పుడు అలారం: రెండుసార్లు ఉత్తుత్తి అలర్ట్ వస్తే మూడోసారి నిజంగా వరదొచ్చినా జనం కదలరు.
* నేరుగా ట్యాంపరింగ్: డేటా సెంటర్‌కు కాపలా ఉంటుంది. ఊళ్లో పెట్టిన పెట్టెకు ఎవరుంటారు?

ఇదంతా ఊహేనా?

కాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, రౌటర్లలోకి చొరబడింది. అదే ఏడాది అక్టోబర్ 21న అలాంటి డివైస్‌లతో డైన్ అనే సంస్థపై దాడి చేయడంతో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ సేవలకు అంతరాయం కలిగింది.

రక్షణ ఎలా?

పని అప్పగించే ముందు సెన్సర్, నోడ్ రెండూ డిజిటల్ సర్టిఫికెట్‌తో ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. డేటాను ఎన్‌క్రిప్ట్ చేయాలి, మధ్యలో మారితే తెలిసేలా డిజిటల్ సంతకం ఉండాలి. ఒక్క నోడ్ మాటే నమ్మకుండా ఇంకో నోడ్‌తో, ఎగువన ఉన్న మరో సెన్సర్‌తో సరిచూడాలి. సంతకం లేని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను డివైస్ తిరస్కరించాలి. భారత్‌లో సైబర్ దాడి జరిగినట్లు గుర్తిస్తే సంస్థలు 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలొచ్చాయి.

మీరేం చేయాలి?

ఇంటి ముందు సీసీ కెమెరా, బావి దగ్గర మొబైల్ స్టార్టర్.. ఇవీ కనెక్టెడ్ డివైస్‌లే. కొన్న రోజే పాస్‌వర్డ్ మార్చండి, అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. కంప్యూటర్ ఎంత దగ్గరున్నా, దానికి తాళం లేకపోతే అది ఇచ్చే అలర్ట్‌కు విలువ లేనట్లే.